రాజుగారి గోడ మీది గొల్లభామ

ఆ రాజుగారికి కోపమొస్తే ఏడూళ్ల కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవి. ఆస్థాన చిత్రకారుడు ఆయన మేడ గోడ మీద చల్ల చిలికే గొల్లభామను గీశాడు. అద్దకాల నూకాలు ఆ బొమ్మనే చెక్క మీద అచ్చు చెక్కి, గుడ్డల మీద అద్ది, ఊళ్లో గుడిసె గుడిసెకూ పంచిపెట్టింది. భటులు ఆమెను పట్టుకొచ్చి రాజుగారి ముందు నిలబెట్టారు.

"నా గోడ మీది బొమ్మ కూలోళ్ల గుడిసెల్లోనా? దీని చేతులు నరకండి!" అని గర్జించారు రాజుగారు.

కత్తి లేచింది. అయినా నూకాలు వెనక్కి తగ్గలేదు.

"ఒక్క మాట ప్రభూ! ఆ గొల్లభామ మా పేట ఎర్రక్కే. మా పిల్ల మొహాన్ని అడక్కుండా పట్టుకొచ్చి మీ గోడకెక్కించుకున్నారు. మరి మేమెవరి చేతులు నరకాలి?"

చిత్రకారుడు గబుక్కున చేతులు రెండూ వీపు వెనక దాచుకున్నాడు. రాజుగారివీ కనిపించలేదు.

"ముందా కత్తి దించవయ్యా!" అన్నారాయన.