అరవై నాలుగు కుంపట్ల వేడి

ఒకానొక కొండ రాజ్యంలో చలి తప్ప మిగతావన్నీ రాజుగారి మాట వినేవి. ఆయన పేరు వీరమార్తాండ భూపాలుడు. పేరులో సూర్యుడున్నా ఒంటిమీద ఎప్పుడూ మూడు శాలువలుండేవి.

తప్పు ముత్తాతగారిది. ఆయన సముద్రతీరం నుంచి వచ్చినవాడు. వస్తూ వస్తూ అక్కడి మేడ నమూనా వెంట తెచ్చుకుని, కొండమీద అచ్చం అలాంటిదే కట్టించాడు. సభామంటపానికి పైన, కప్పుకి జానెడు కింద, చుట్టూ ఇరవై నాలుగు గవాక్షాలు పెట్టించాడు. ఒక్కదానికీ తలుపు లేదు. పైగా సింహద్వారం పక్కన రాతిమీద 'ఈ గవాక్షములను మూయరాదు' అని చెక్కించి మరీ పోయాడు. నాలుగు తరాలుగా ఎవరూ మూయలేదు. మూద్దామన్నవాడికి కొరడా దెబ్బలు పడేవి.

అందుకని పుష్యమాసం రాగానే సభలో కుంపట్లు వెలిగించేవారు. వాటి అధికారి పేరిశాస్త్రిగారు. 'ఉష్ణవిద్యావిశారద' అన్న బిరుదు కూడా ఉంది. ఆ విద్య నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. చలేస్తే ఇంకో కుంపటి పెట్టాలి, అంతే. అలా పదహారు కుంపట్లు ముప్ఫై రెండయ్యాయి, ముప్ఫై రెండు అరవై నాలుగయ్యాయి. రాజుగారి పళ్ళు టకటకలాడడం మాత్రం ఆగలేదు.

"నూట ఇరవై ఎనిమిది ఉంటే తప్ప లాభం లేదు ప్రభూ," అన్నాడు శాస్త్రి ఒకనాడు నిండు సభలో.

"కట్టెలో?"

"కొండ దిగువన ఇప్పతోపు ఉంది. కొట్టిస్తే రెండు చలికాలాలు గడిచిపోతాయి."

"కొట్టించండి," అన్నాడు రాజు శాలువల్లోంచే. నాలుగోరోజుకి ముహూర్తం పెట్టారు.

ఆ కబురు వినగానే తోపు పక్క గూడెం పెద్ద గంగులమ్మ కొండెక్కి వచ్చింది. రాజుగారి దగ్గరికి పోనివ్వరు కనుక ఆస్థానంలో మాటకారి అని పేరున్న వల్లభయ్య ఇంటికి వచ్చింది.

"ఏడాదిలో నాలుగు నెలలు మాకు ఆ ఇప్పపువ్వే తిండి బాబూ. తోపు కొట్టీస్తే మా పిల్లలు ఏటి తింటారు?" అంది. అరుగుమీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపు మీవాళ్ళందరినీ తీసుకుని మేడకి రా అమ్మా. తడిసిన కంబళ్ళుంటే అవీ తీసుకురా," అన్నాడు.

వెంటనే సభకి వెళ్ళి రాజుగారి ముందు చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, చిన్న సందేహం. ఈ కుంపట్ల వేడి గవాక్షాల్లోంచి బయటికి పోతుంది కదా. పోయినది ఎవరి సొత్తు?"

"పోయినదానికి సొత్తేమిటయ్యా? ఎవరిదీ కాదు."

"అయితే నాకు ఇప్పించండి."

సభంతా నవ్వింది. శాస్త్రి అందరికన్నా గట్టిగా నవ్వి, 'గవాక్షాలు దాటిన వేడి యావత్తూ వల్లభయ్యది' అని స్వయంగా తాటాకుమీద రాశాడు. రాజుగారు వణికే చేత్తోనే ముద్ర వేశాడు. ముద్ర కొంచెం వంకరగా పడింది.

మర్నాడు పొద్దున సభ జరుగుతుండగా పైనుంచి నవ్వులు, కబుర్లు వినబడ్డాయి. మంటపం చుట్టూ ఉన్న గదుల డాబా సరిగ్గా గవాక్షాల ఎత్తున ఉంటుంది. రాజుగారు శాలువలు సర్దుకుని మెట్లెక్కాడు. శాస్త్రి ఆయాసపడుతూ వెనక నడిచాడు.

కావలివాళ్ళకి తాటాకు చూపించి వల్లభయ్య పైకి తీసుకొచ్చిన గూడెమంతా డాబామీద ఉంది. గవాక్షానికి ఇద్దరు చొప్పున వీపులు ఆనించుకుని కూర్చున్నారు. తడి కంబళ్ళు ఆవిరి కక్కుతున్నాయి. వల్లభయ్య భార్య రెండు చాటల మినపవడియాలు ఎండబెట్టింది. గంగులమ్మ చెమట తుడుచుకుంటూ విస్తరాకుతో విసురుకుంటోంది.

"ఇలా కూకో దొరా, ఇక్కడ మా బాగుంది," అని ఆమె పక్కకి జరిగింది.

రాజుగారు కూర్చున్నాడు. కాసేపటికి ఒక శాలువ తీశాడు. మరి కాసేపటికి రెండోది తీశాడు. మూడోది తీయబోతుండగా కోపం వచ్చింది.

"ఇది నా వేడి!"

వల్లభయ్య తాటాకు చూపించాడు. "నాది ప్రభూ. ముద్ర కొంచెం వంకరగా ఉంది కాని తమదే."

"మరి నేను కింద గడ్డకట్టుకుపోతున్నానే!"

"చిత్తం. సింహాసనం దగ్గరి వేడి నాది కాదు కనుక దాని సంగతి నేను చెప్పలేను. శాస్త్రిగారు ఇప్పతోపు కొట్టించి నూట ఇరవై ఎనిమిది కుంపట్లు వెలిగిస్తారట. చాలా సంతోషం. ఇంకో రెండు గూడేలని కూడా పిలిచాను."

రాజుగారు శాస్త్రివైపు చూశాడు. శాస్త్రి వడియాలవైపు చూశాడు.

"నా వేడి నాకు తిరిగి ఇచ్చెయ్," అన్నాడు రాజు.

"తప్పకుండా. కాని అది బయటికి వచ్చే దారి తెరిచి ఉంటే కింద నిలవదు కదా."

"ముత్తాతగారి శాసనం ఉందయ్యా!"

"ముత్తాతగారు ఈ మేడకి ఏ నెలల్లో వచ్చేవారు ప్రభూ?"

"చైత్రంలో వచ్చి ఆషాఢంలో వెళ్ళిపోయేవారు. ఎండలు పడక ఇక్కడ కట్టించుకున్నారు."

"పుష్యంలో?"

"ఒక్కసారీ రాలేదు. ఆయనకి చలి అసలు..." అంటూనే రాజుగారు ఆగిపోయాడు. కాసేపు గవాక్షాలకేసి, కాసేపు గంగులమ్మ విస్తరాకుకేసి చూశాడు. తరవాత పగలబడి నవ్వాడు. నాలుగు తరాల్లో ఆ మేడలో చలికాలంలో నవ్విన మొదటి రాజు ఆయనే.

వడ్రంగులొచ్చి ఇరవై రెండు గవాక్షాలకి చెక్క తలుపులు పెట్టారు. శాసనం ముత్తాతగారి ఎండాకాలం కోసమే కనుక, చైత్రంలో వాటిని తీసేస్తే దానికీ భంగం లేదు. పొగ పోవడానికి రెండు గవాక్షాలు వదిలేశారు. మంచిగాలి రావడానికి వాకిలి కింద నాలుగు వేళ్ళ సందు ఉంచి, పైన మందపాటి గోనెతెర కట్టారు. గోడల పగుళ్ళు సున్నంతో పూడ్చారు. పన్నెండు కుంపట్లకే రాజుగారు ఒక్క శాలువతో సభ చేశాడు. మిగిలిన రెండు గవాక్షాలనీ ఎవరూ మూసేయకుండా చూసే పని పేరిశాస్త్రిగారికి అప్పగించారు. బిరుదు మాత్రం ఉండనిచ్చారు.

"వేడి తిరిగి ఇచ్చావు. బదులేం కావాలి?" అని అడిగాడు రాజు.

"ఆ తోపు గూడెం వాళ్ళదేనని ఇంకో తాటాకు," అన్నాడు వల్లభయ్య. ఈసారి ముద్ర తిన్నగా పడింది. దాంతోపాటు రాజుగారు తీసేసిన రెండు శాలువలూ వల్లభయ్యకి దక్కాయి.

ఆ తాటాకు అందుకోవడానికి వచ్చిన గంగులమ్మ, మరిచిపోయిన కంబళి కోసం డాబా ఎక్కింది. మూసిన గవాక్షం తలుపుమీద చెయ్యి పెట్టి చూసింది.

"సల్లబడిపోనాదేటి బాబూ!"

"ఇది చల్లగా ఉన్నన్నాళ్ళూ మీ తోపు పచ్చగా ఉంటుందమ్మా," అన్నాడు వల్లభయ్య.

గంగులమ్మ ఆ చల్లటి తలుపుకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కంబళి కప్పుకుని కొండ దిగింది.