పడవ దిగని ముసలమ్మ

కొమ్మోజు నారసింహాచారిగారిని ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు కుంచె కడుగుతారు, పాత పంచె ముక్కతో తుడుస్తారు, తీరిగ్గా దాని చోట దాన్ని నిలబెడతారు. ఆ తర్వాత ఎప్పుడో జరిగిన సంగతొకటి చెబుతారు. అడిగినదానికి జవాబు అందులో ఎక్కడుందో వెతుక్కోవడం అడిగినవాళ్ళ వంతు.

నలభై అయిదేళ్ళుగా ఆయన బందరులో తమ ఇంటి వసారాలో కూర్చుని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నారు. ఆ ఏడు ఊళ్ళోవాళ్ళు ఆయనకు సన్మానం తలపెట్టి, ఆ రోజు పంచే సంచికలో వేయడానికి ఆయన జీవిత విశేషాలు రాసే పని శిష్యురాలు హసీనాకు అప్పగించారు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, బొమ్మలు వేసిన పుస్తకాల పట్టిక అన్నీ రాసుకుని ఆమె ఒకచోట ఆగిపోయింది.

“మాస్టారూ, బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నారు? మీ గురువుగారెవరు?”

ఆయన తండ్రి వడ్రంగం చేసేవారనీ, మాస్టారు ఏ కళాశాల మెట్లూ ఎక్కలేదనీ హసీనాకు తెలుసు. అక్కడ ఖాళీ వదిలేస్తే గురువుగారికి చిన్నతనమవుతుందేమోనని ఆమె బెంగ. ఆచారిగారు కుంచె కడిగారు. అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఇది.

ఆయనకప్పుడు ఇరవై ఆరేళ్ళు. చెయ్యి మంచి వేగం మీదుంది. పెళ్ళికి బయల్దేరిన ఏడుగురి కథ ఒకటి బొమ్మలకు వచ్చింది. వాళ్ళు పడవెక్కుతారు, నడి ఏట్లో గాలి లేస్తుంది, చివరికి అందరూ క్షేమంగా ఒడ్డు చేరి బంతిలో కూర్చుని భోజనం చేస్తారు. పడవ బొమ్మలో ఆచారిగారు ఏడుగురినీ వేశారు. మూట ఒళ్ళో పెట్టుకుని చివర కూర్చున్న ముసలమ్మ ఏడోది. ఆఖరి పేజీకొచ్చేసరికి అక్షరాలు ఎక్కువై బొమ్మకు చోటు తగ్గింది. బంతిలో ఆరుగురే పట్టారు. ‘ఎవరు చూడొచ్చారులే’ అనుకుని ముసలమ్మను వదిలేశారు. పుస్తకం అచ్చయింది, అందరూ బాగుందన్నారు, ఆయనా ఆ సంగతి మరిచిపోయారు.

మరుసటి ఏడు పెద్ద తుఫాను వచ్చి వెళ్ళింది. రెండు నెలలకు, సముద్రం ఒడ్డున రేవుదిబ్బ అనే పల్లె నుంచి పంతులమ్మ ఒకావిడ కార్డు రాసింది. “ఎవరో దయతలచి మా బడికి పంపిన పుస్తకాల్లో మీ బొమ్మల పుస్తకం ఉంది. రెండో తరగతి పిల్ల నాంచారి దాన్ని మూయనివ్వడం లేదు. మూస్తే ఏడుస్తోంది. ముసలమ్మ ఇంకా పడవ దిగలేదంటోంది. మీరే ఒక ముక్క రాసి పంపితే పిల్ల కుదుటపడుతుంది.”

ఆచారిగారు మొదట నవ్వుకున్నారు. పుస్తకం తీసి చూసుకున్నాక ఆ నవ్వు ఆగిపోయింది. జవాబు రాయడానికి కూర్చుని, ‘ముసలమ్మ లోపల పడుకుంది’ అని రాశారు. కొట్టేశారు. ‘వంట దగ్గర ఉంది’ అని రాశారు. అదీ కొట్టేశారు. మర్నాడు పొద్దున్నే రంగుల పెట్టె సంచిలో వేసుకుని బస్సెక్కారు. బస్సు దిగి, పాయ దాటి, ఇసుకలో నడిచి నడిచి మిట్టమధ్యాహ్నానికి ఆ బడికి చేరారు.

బడి కప్పు గాలికి పోయింది. పైన టార్పాలిన్ కట్టుకుని పాఠాలు చెబుతున్నారు. పంతులమ్మ ఆయనను పక్కకు పిలిచి, కార్డులో రాయలేని సంగతి చెప్పింది. తుఫాను రోజు చేపల వేటలో ఉన్న పడవొకటి మూడో నాటికి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వెళ్ళినవాళ్ళు ఆరుగురు, దిగినవాళ్ళు అయిదుగురు. దిగనివాడు నాంచారి నాన్న.

ఆచారిగారు సంచిలోని రంగుల పెట్టె వైపు చూసుకున్నారు. ఇప్పుడు ముసలమ్మను ఒడ్డున కూర్చోబెడితే నాన్న కూడా వస్తాడని ఆ పిల్ల ఆశపడదా? కూర్చోబెట్టకపోతే ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్ళాలి? ఆయన ఇంకా తేల్చుకోకముందే పిల్ల పుస్తకం గుండెకు హత్తుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

“బొమ్మలేసింది నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“మరి ఈ మామ్మేది?”

ఆయన ఆమె ఎత్తుకు వంగి ఇసుకలో కూర్చున్నారు. “చోటు చాల్లేదని వదిలేశాను తల్లీ. తప్పు నాదే.”

నాంచారి ఆయన మొహంలోకి చూసింది. “మా నాన్న రాడు. నాకు తెలుసు,” అంది. “ఈ మామ్మ కోసం ఆళ్ళింట్లో చూత్తా ఉంటారు గదా.”

ఆచారిగారు రంగుల పెట్టె తెరిచారు. బంతిలో నిజంగానే చోటు లేదు. లావుపాటి పెళ్ళిపెద్ద భుజాన్ని తెల్లరంగుతో కాస్త తగ్గించి, ఆ సందులో ముసలమ్మను కూర్చోబెట్టారు. పిల్లలంతా చుట్టూ మూగారు. “తడిసిపోయుంటది,” అంది నాంచారి. భుజాల చుట్టూ పొడి తువ్వాలు కప్పారు. “ఆకలి మీదుంటది,” అంది. ఆకులో అన్నం పెట్టారు. “ఇంకొంచెం పెట్టు,” అంది. పెట్టారు.

రంగు ఆరేదాకా నాంచారి బొమ్మ మీద ఊదుతూనే కూర్చుంది. ఆరాక పుస్తకాన్ని తానే మూసి, పంతులమ్మ చేతికిచ్చి, తక్కిన పిల్లలతో ఆటకు పరుగెత్తింది. బొమ్మలాయన వైపు మళ్ళీ తిరిగి కూడా చూడలేదు.

మీ మేలు మరిచిపోమంటూ పంతులమ్మ చేతులు జోడించబోయింది. ఆచారిగారు ఆమెను వారించి, పిల్లలు ఆడుకుంటున్న వైపు తిరిగి తానే దండం పెట్టారు.

అప్పటినుంచి ఆయన పని నెమ్మదించింది. నెల పట్టే బొమ్మలకు రెండు నెలలు పట్టేది. ప్రచురణకర్తలు విసుక్కున్నారు, కొందరు మానుకున్నారు కూడా. పిల్లలు మాత్రం ఆ వసారాకు ఉత్తరాలు రాయడం మానలేదు.

సంగతి ముగిసింది. హసీనా కళ్ళు తుడుచుకుని కాగితం వైపు చూసింది. “ఇక్కడ ఏమని రాయమంటారు మాస్టారూ?”

“రేవుదిబ్బ ఎలిమెంటరీ స్కూలని రాయమ్మా,” అన్నారు ఆచారిగారు. “చదివింది ఒక్క పూటే. అదీ రాయి.”