తీతువు లేని గుట్ట

అనగనగా ఒక రాళ్లగుట్ట. దాని మీద ఒక నక్కల జంట, వాటికొక కూన. మనుషులు మందు పెట్టి ఆ గుట్టను పేల్చేశారు. నక్కలు కూనను నోట కరుచుకుని, వాగు దాటి, ఎన్నడూ చూడని ఇంకో గుట్టకు చేరాయి.

గుట్ట మొదట్లోనే ఒక ముసలి నక్క ఎదురొచ్చింది.

"ఉండనిస్తావా, అవ్వా?" అని అడిగింది తల్లినక్క.

"ఉండండి. ఒక్క మాట వినండి. ఇక్కడికి వేటగాళ్లు వస్తారు. పొదలో కూర్చుని, పెదాల మధ్య ఆకు పెట్టుకుని, దెబ్బతిన్న కుందేలులా ఏడుస్తారు. ఆశపడి వెళ్లామా, తుపాకి పేలుతుంది."

"ఆ మాత్రం పోల్చుకోలేమా?" అంది మగనక్క.

"నేనే పోల్చుకోలేను. తీతువు పిట్ట పైనుంచి చూస్తుంది. కేక దగ్గర మనిషి ఉంటే గోలగోలగా అరుస్తుంది. అరవకపోతే వెళ్లొచ్చు. అందుకే దాని గుడ్లు నేల మీదే ఉన్నా మేం ముట్టుకోం."

"భలే! పిట్టగుడ్లకు కాపలా కాయడానికొచ్చామన్నమాట."

"కాయక్కర్లేదు అల్లుడూ. తినకుండా ఉంటే చాలు."

మగనక్క నవ్వింది. కానీ మాట గుర్తు పెట్టుకుంది.

రెండు రోజులు ఏమీ దొరకలేదు. తల్లినక్కకు పాలు తగ్గిపోయాయి. కూన ఊరికే చీకుతోంది. మూడో రోజు మగనక్క వేటకెళ్లింది. తల్లినక్క గులకరాళ్ల మధ్య తీతువు గుడ్లు చూసింది. చుట్టూ చూసింది. తినేసింది.

తీతువు తిరిగొచ్చి ఖాళీ గుంట ముందు నిలబడింది.

"ఆకలమ్మా," అంది తల్లినక్క. "నీకూ పిల్లలున్నారు కదా, అర్థం చేసుకో."

"ఉండేవాళ్లు," అంది తీతువు. వాగు దాటి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

తల్లినక్క ఈ సంగతి మగనక్కకు చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుంది.

మర్నాడు పొద్దు వాలుతుండగా పొదల్లోంచి కుందేలు ఏడుపు వినిపించింది. మగనక్క చెవులు నిక్కించింది.

"తీతువు అరవలేదు. మనిషి లేడు. నీకు ఈ పూట కడుపునిండా పెడతా, చూడు."

తల్లినక్క నోరు తెరిచింది. సిగ్గేసింది. చెప్పేలోపు మగనక్క పరుగు తీసింది.

తుపాకి పేలింది.

ముసలి నక్క ఆయాసపడుతూ వచ్చింది. "తీతువు ఏమైంది?"

"నేనే తిన్నానవ్వా, గుడ్లు."

ముసలి నక్క కూనకేసి చూసి వెళ్లిపోయింది.

ఇంకో సాయంత్రం పొదల్లోంచి నక్కకూన ఏడుపు వచ్చింది. తల్లినక్క ఉలిక్కిపడింది. కూన తన పొట్ట కిందే నిద్రపోతోంది. ఇది కూడా ఆకే! కదల్లేదు. బతికిపోయింది.

'ఇకనుంచి ఏ కేకకూ వెళ్లను,' అనుకుంది.

కూన కాస్త పెద్దదైంది. మిడతల వెంట తిరగడం నేర్చింది. ఒక సాయంత్రం ఇంకా ఇల్లు చేరలేదు. అప్పుడు లోయలోంచి ఏడుపు లేచింది.

ముసలి నక్క పరుగెత్తుకొచ్చింది. "అది నీ బిడ్డలా ఉందే!"

"ఉంటుంది. ఆ వేటగాడికి నా బిడ్డ గొంతు కూడా వచ్చేసింది."

"ఒకవేళ నిజమైతే?"

"నా మొగుణ్ణి మింగిన కేక అవ్వా అది. నేను పోతే బిడ్డొచ్చి ఎవర్ని వెతుక్కుంటుంది?"

ఏడుపు ఎక్కువైంది. తల్లినక్క చెవులు నేలకు ఆనించి పడుకుంది. ఏడుపు సన్నబడింది. ఆగిపోయింది.

"చూశావా, విసుగొచ్చి వెళ్లిపోయాడు," అంది తల్లినక్క.

తెల్లవారాక లోయలోకి దిగింది. కూన మెడకు ఉచ్చు బిగుసుకుని ఉంది. ఎవరో ఎప్పుడో పందుల కోసం కట్టిన తీగ. కూన కాళ్లతో గీరిన మట్టి తప్ప అక్కడ ఏమీ లేదు. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం గుట్టకు అవతలి పక్క ఇంకో కూన ఏడ్చింది. ఎవరి కూనో తెలియదు. గుట్ట మీది నక్కలన్నీ తలలెత్తాయి. ఒక్కటీ లేవలేదు.

నీతి: నిజం చెప్పేవాళ్లను పోగొట్టుకుంటే, కన్నబిడ్డ ఏడుపు కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.