నాలుగో నంబరు గొంతు

హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక చిన్న డబ్బింగ్ థియేటరు నడిపే గోవర్ధనానికి ఎక్కడో బొంబాయిలో జరిగే అన్యాయం కనిపించినంత బాగా తన చేతుల మీదుగా జరిగేది కనిపించేది కాదు.

హిందీ సినిమాలంటే ఆయనకు ప్రాణం. అందులోనూ వెనకా ముందూ ఎవరూ లేకుండా పైకొస్తున్న కొత్త నటులంటే మరీ ప్రాణం. శుక్రవారం మొదటి ఆట చూసి వచ్చి, టీకొట్టు దగ్గర నిలబడి గంటసేపు చెప్పేవాడు. వాళ్ళందరిలోకీ నిశాంత్ రావత్ ఆయనకు దేవుడు. నిశాంత్ ఎక్కడో కొండల్లో బస్సు నడిపే డ్రైవరు కొడుకు. ఒక సినిమాలో లిఫ్టు నడిపేవాడిగా రెండే రెండు మాటలు చెప్పినప్పటి నుంచీ గోవర్ధనం అతన్ని కనిపెట్టుకుని ఉన్నాడు.

"అరవడానికేముందయ్యా, ఎవడైనా అరుస్తాడు! ఈ కుర్రాడు మాట అనే ముందు ఒక్క క్షణం ఆగుతాడు చూడు, గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు. నటనంతా ఆ ఆగడంలోనే ఉంది!" అనేవాడు.

ఆ తర్వాత ఆయన ముఖం ఎర్రబడేది. "అలాంటివాడికి ఏం చేశారో తెలుసా? ఏడేళ్ళ కిందట ఒక వేషానికి పరీక్ష ఇచ్చాడు. ఆ టేపు డైరెక్టరు దాకా పోనే లేదు! సొరుగులో పడేసి, 'పైవాళ్ళకు నచ్చలేదు పో' అన్నారు. వేషం నిర్మాత అల్లుడికి ఇచ్చారు. అతనే ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు పాపం. వారసులట, వారసులు! సినిమా ఏమన్నా తాతలిచ్చిన పొలమా, పంచుకోడానికి?" అంటూ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టేవాడు. ఆ కోపం నిజమైనదే. ఆ మాట ఒప్పుకోవాలి.

ఒకరోజు బొంబాయి నుంచి ఒక కంపెనీ వాళ్ళు కబురు చేశారు. నిశాంత్ కొత్త సినిమాకు తెలుగు గొంతు కావాలి. గొంతును నిశాంతే ఎంచుకుంటాడు. పేర్లు రాయకూడదు, నంబర్లు మాత్రమే వేసి పంపాలి. ఎవరి బంధువో, ఎవరి మనిషో తనకు తెలియకూడదని అతని పట్టుదల.

"చూశావా నా హీరోని! దెబ్బ తిన్నవాడికే కదా నొప్పి తెలిసేది!" అని గోవర్ధనం ఎగిరి గంతేశాడు.

పరీక్షకు ముగ్గురు వచ్చారు. ఒకాయనకు ముక్కుతో మాట. ఇంకొకాయనకు ఆయాసం. మూడోవాడు గోవర్ధనం చెల్లెలు సుభద్ర కొడుకు కౌశిక్. మనిషి చక్కగా ఉంటాడు, గొంతూ గట్టిదే. కాని 'మంచినీళ్ళివ్వు' అన్నా సవాలు విసిరినట్టే ఉంటుంది.

చివర్లో యాదగిరి తలుపు దగ్గర నిలబడి, "సార్, నేనూ ఒక్కపారి చెప్పి చూడొచ్చా?" అని అడిగాడు.

యాదగిరిది జనగామ వైపు. తొమ్మిదేళ్ళుగా ఆ థియేటర్లో గుంపు గొంతులు చెబుతున్నాడు. తెర మీద సంత ఉంటే కూరగాయలు అమ్మేవాడి కేక, దొంగ పారిపోతుంటే 'పట్టుకోండి!' అనే అరుపు, అన్నీ అతనే. తెర మీద ఏనాడూ పేరు పడలేదు.

గోవర్ధనం నవ్వి, "సరే, కానీ" అన్నాడు. సలోమి మిషను మీట నొక్కింది. ఆ థియేటర్లో శబ్దం పట్టే పని ఆమెది. తెర మీద నిశాంత్ తల్లి ముందు నిలబడ్డాడు. తండ్రి చనిపోయిన సంగతి ఆమెకు చెప్పాలి. యాదగిరి గుటక మింగాడు. ఆగాడు. "నాన్న... ఇక రాడమ్మా" అన్నాడు. మాటలో యాస లేదు, అరుపు లేదు. నిశాంతే తెలుగువాడై పుట్టినట్టుంది. సలోమి కళ్ళు తుడుచుకుంది. గోవర్ధనానికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ గొంతుకు నాలుగో నంబరు వేశారు.

సాయంత్రం సుభద్ర ఫోను చేసింది. "అన్నయ్యా, నీ చేతిలో పని ఉండి కూడా నా కొడుకు ఖాళీగా తిరగాలా? సొంత మేనమామవి, నువ్వు కాకపోతే వాడినెవరు చూస్తారు?" అంది.

గోవర్ధనం చాలాసేపు కూర్చున్నాడు. నాలుగో నంబరు వెళ్ళిందంటే కౌశిక్‌కు ఆశ లేదని ఆయనకు తెలుసు. కుర్రవాడు నేర్చుకుంటాడులే అనుకున్నాడు. యాదగిరికి ఇంకో సినిమా చూద్దాంలే అనుకున్నాడు. ఆపైన మొదటి మూడు నంబర్లే పంపమన్నాడు.

"నాలుగోది పంపరా? అదేంటండీ గోవర్ధనంగారూ!" అంది సలోమి.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాడాయన.

చూడండి మరి! గురివింద గింజ తన కింద నలుపెరగదని పెద్దలు ఊరికే అన్నారా? పొద్దున్నే టీకొట్టు దగ్గర గ్లాసు కొట్టిన చెయ్యి, సాయంత్రానికి ఒకడి బతుకును పక్కన పడేసింది. పైగా ఏమీ ఎరగనట్టు యాదగిరిని పిలిచి, "బొంబాయి వాళ్ళకు నచ్చలేదయ్యా" అంది ఆ నోరే.

యాదగిరి తల వంచుకున్నాడు. "మంచిది సార్. ఏడ తప్పు చేసిన్నో చెప్పున్రి, దిద్దుకుంట" అన్నాడు. గోవర్ధనం కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

మూడింట్లో రెండు మరీ తీసికట్టు కాబట్టి బొంబాయిలో నిశాంత్ కౌశిక్ నంబరే ఒప్పుకోవలసి వచ్చింది. ఇక చూడాలి అవస్థ! నిశాంత్ ఆగిన చోట కౌశిక్ ఆగలేడు. గోవర్ధనం ఏం చేశాడంటే, యాదగిరినే పిలిచాడు. "నువ్వు ముందు చెప్పు, వాడు చెవిలో విని అలాగే అంటాడు" అన్నాడు. వంట చెయ్యి ఒకడిది, వడ్డించేది ఇంకొకడు! సలోమికి ఒళ్ళు మండిపోయింది. యాదగిరి మాత్రం రోజూ వచ్చి, ప్రతి మాటా చెప్పి, చివర్లో సంతలో కేకలు కూడా వేసి వెళ్ళేవాడు.

సినిమా విడుదలకు పది రోజులున్నాయనగా నిశాంత్ స్వయంగా థియేటరుకు వచ్చాడు. గోవర్ధనం శాలువా కొన్నాడు. లిఫ్టు వేషం నాటి బొమ్మకు పటం కట్టించాడు. వంగి నమస్కారం పెట్టి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

తల్లి ముందు నిలబడ్డ దృశ్యం వచ్చింది. "నాన్న ఇక రాడమ్మా!" అని కౌశిక్ గొంతు గోడలదిరేలా పలికింది.

నిశాంత్ హిందీలో అన్నాడు: "నాకు తెలుగు రాదు. కాని నేనెక్కడ ఆగానో నాకు తెలుసు. అక్కడ ఈయన ఆగడం లేదేం?"

గోవర్ధనం ముందుకు పోనిమ్మని సలోమికి సైగ చేశాడు. బొమ్మ ముందుకు వెళ్ళి సంత వచ్చింది. వంకాయలమ్మే ముసలివాడు తెర మూల నుంచి ఒక కేక వేశాడు. అలిసిన కేక, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్న కేక. నిశాంత్ కుర్చీలో ముందుకు వంగాడు.

"ఈ గొంతు ఎవరిది?"

"యాదగిరిదండీ. ఇదుగో, ఇక్కడే ఉన్నాడు. ఇతను మీ గొంతు కూడా చెప్పాడు, వింటారా?" అంది సలోమి హిందీలో. గోవర్ధనం వద్దనేలోపే మీట నొక్కింది.

గుటక. ఆగడం. "నాన్న... ఇక రాడమ్మా."

నిశాంత్ గోవర్ధనాన్ని చూశాడు. "దీన్ని నాకెందుకు పంపలేదు?" అన్నాడు.

యాదగిరి గోవర్ధనం వైపు తిరిగాడు. "సార్, ఇది బొంబాయికి పోనే లేదా? నచ్చలేదన్నరు గద! ఏం తప్పు చేసిన్నో అని రోజూ ఇంట్ల అద్దం ముంగట నిలబడి చెప్పుకుంటున్న సార్!" అన్నాడు. తొమ్మిదేళ్ళలో మైకు ముందు కాకుండా అతని గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి. సలోమి ఆ మాటల్ని నిశాంత్‌కు హిందీలో చెప్పింది.

గోవర్ధనం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నిశాంత్ ఆయన చేతిలోని పటం వైపు చూశాడు.

"నా కథ మీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసండీ."

"నా టేపు సొరుగులో పడేసినవాడికి నా కథ తెలియదు. మీకు తెలుసు. తెలిసీ అదే చేశారా?" అన్నాడు నిశాంత్.

 గోవర్ధనం ఆ పటం ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. నిశాంత్ ఆయనతో మరి మాట్లాడలేదు. యాదగిరి భుజం మీద చెయ్యి వేసి, "మొదటి నుంచి చెబుదామా?" అన్నాడు. కౌశిక్ ముఖం ముడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అందరూ లేస్తుంటే గోవర్ధనం శాలువా తీసుకుని యాదగిరి దగ్గరికి వెళ్ళాడు.

"శాలువా నాకెందుకు సార్?" అన్నాడు యాదగిరి. "నచ్చలేదన్నది అబద్ధమని ఇంతమంది ముంగట ఒక్కమాట చెప్పున్రి. నాకది చాలు."

గోవర్ధనం శాలువా కుర్చీ మీద పెట్టి అందరి వైపూ తిరిగాడు.  "అబద్ధం యాదగిరీ. నీ గొంతు నేనే ఆపాను. నా మేనల్లుడి కోసం ఆపాను" అన్నాడు. ఆ మాట విన్నాకే సలోమి మిషను ఆపింది.

సినిమా వచ్చింది. తెర మీద యాదగిరి పేరు పడింది. మొదటి ఆటలో వెనక వరుసలో కూర్చున్న గోవర్ధనం ఆ పేరు పోయేదాకా చూశాడు. ఇప్పటికీ టీకొట్టు దగ్గర ఎవరైనా బొంబాయి వారసుల మీద కేకలేస్తే, ఆయన గ్లాసు మెల్లగా కింద పెట్టి, "మన దగ్గర ఎవరి గొంతు ఆగిపోయిందో ముందు చూసుకుందామయ్యా" అంటాడు.

నీతి: ఎక్కడో జరిగే అన్యాయం మీద మండిపడటం తేలిక, ఆ అన్యాయం చేసే వీలు మన చేతికి వచ్చినప్పుడు చేయకుండా ఉండటమే న్యాయం.