కొమ్మన నిద్ర మీద రాజుగారి కన్ను

వెనకటికి కుందనగిరి రాజ్యాన్ని ఉద్దండభూపతి ఏలేవాడు. ఆయనకి లేని సంపద లేదు. అయినా తన దగ్గర లేనిది ఎదుటివాడి దగ్గర ఉందని తెలిస్తే చాలు, మనసు మనసులో ఉండేది కాదు.

ఆ ఏడు ఆయన కన్ను కొమ్మన మీద పడింది.

కొమ్మన కొలువులో విదూషకుడు. రాజుగారి ఈడువాడే, నలభై దాటాయి. విందుల్లో గారెలు, బూరెలు, పులిహోర దేన్నీ వదిలేవాడు కాదు. అయినా వెదురుబద్దలా సన్నగా ఉండేవాడు. పొద్దున కొలువుకి వస్తే మొహం కడిగిన తమలపాకులా కళకళలాడేది.

రాజుగారి సంగతి వేరు. వైద్యుడి మాట విని పగలంతా జొన్నగంజితోనే గడిపేవాడు. అయినా ఆయన బంగారు నడికట్టుకి కంసాలి ఏడాదిలో మూడుసార్లు అతుకు వేయాల్సి వచ్చింది. కళ్ల కింద సంచులు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఒకనాటి విందులో కొమ్మన ఏడో బూరె విరిచి నెయ్యి పోసుకుంటున్నాడు. రాజు గంజిగిన్నె పక్కకి నెట్టేశాడు.

"కొమ్మనా, నీ దగ్గర ఏదో మూలిక ఉంది."

"లేదు ప్రభూ."

"ఉంది. నాకు చెప్పకుండా దాచుకున్నావు. రాజు దగ్గర లేనిది సేవకుడి దగ్గర ఉండటం నేరం. రేపు పొద్దుటికల్లా అది నా చేతిలో పెట్టు. లేదంటే మీ అమ్మని తీసుకుని పొలిమేర దాటు."

కొమ్మన తల్లి అచ్చమ్మకి డెబ్భై ఏళ్లు. ఆ వయసులో ఆమెని ఏ దేశం తీసుకుపోతాడు? కొమ్మన చెయ్యి కడుక్కుని వచ్చి రాజు ముందు నిలబడ్డాడు.

"నా దగ్గర ఒకటి ఉన్నమాట నిజమే ప్రభూ. కానీ అది చేతిలో పెట్టడానికి వీల్లేనిది. నలభై రోజులు మీరు నా ఇంట్లో నేను బతికినట్టు బతకండి. నేను కోటలో మీలా బతుకుతాను. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ ఏదీ మారకూడదు. అప్పటికి మీ నడికట్టు వదులు కాకపోతే పొలిమేర దాకా ఎందుకు, నా తలే తీయించండి."

రాజు లోలోపల సంబరపడ్డాడు. తాను బూరెలు తినొచ్చు. వీడు జొన్నగంజి తాగాలి. అంతకన్నా కావలసిందేముంది?

"సరే" అన్నాడు.

ఆ సాయంత్రం రాజు కొమ్మన ఇంటికి చేరాడు. అచ్చమ్మ దీపాలు పెట్టగానే అన్నం వడ్డించింది. తిన్నాక నులకమంచం వాల్చి దుప్పటి పరిచింది.

"ఇంత పెందలాడే నిద్రేమిటమ్మా? నేను వేగుల ఉత్తరాలు చూసుకోవాలి" అన్నాడు రాజు.

"అవి మా వాడు చూస్తున్నాడు నాయనా. ఈ నలభై రోజులూ నువ్వే మా కొమ్మనవి. వాడైతే ఈ పాటికి గురక పెడుతూ ఉంటాడు" అని అచ్చమ్మ దీపం ఆర్పేసింది.

తాను చెప్పకుండా తన దీపం ఇంకొకరు ఆర్పడం రాజు జన్మలో చూడలేదు.

మొదటి వారం కంటిమీద కునుకు లేదు. పొరుగున ఉన్న కనకపురి రాజు ఏం కొన్నాడో, ఎవరు ఆయన్ని పొగిడారో ఆ ఉత్తరాల్లో ఉంటుంది. తనకన్నా ముందు అవన్నీ కొమ్మన చదువుతున్నాడని తలచుకుంటే ఒళ్లు మండిపోయేది. ఆ మంటకి ఆకలి తోడయ్యేది. తినడానికి ఏదైనా పెట్టమంటే, "పొయ్యి ఆర్పేశాను నాయనా, తెల్లారాక పెడతాను" అనేది అచ్చమ్మ. తెల్లారేసరికి ఆ ఆకలి ఉండేది కాదు.

తొమ్మిదో రోజు నిద్ర దానంతటదే పట్టింది. కాకులు అరిచేదాకా రాజు కదల్లేదు. లేచి ఏటికి నడిచి వెళ్లి స్నానం చేసి వచ్చాడు. ఆ రోజు అచ్చమ్మ బూరెలు చేసింది. రెండు తినేసరికి చాలనిపించింది. పగలు కూర్చున్నచోట తూగడం కూడా పోయింది.

నలభై ఒకటో రోజు కొలువు తీరింది. రాజు జారిపోతున్న నడికట్టుని ఒక చేత్తో పట్టుకుని సింహాసనం ఎక్కాడు. అంతలో కొమ్మన వచ్చాడు. ముందు పొట్ట వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు. కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి. నమస్కారం పెడుతూనే ఆవులించాడు.

"ఏమయ్యా, జొన్నగంజి తాగి ఇంత ఒళ్లు చేశావా?"

"పగలు గంజే ప్రభూ, వైద్యుడు దగ్గరుండి తాగించాడు. రాత్రి మూడో జాము దాకా వేగుల ఉత్తరాలు చదివాను. కనకపురి రాజు కొత్త ఏనుగు కొన్నాడని రాశారు. కడుపు మండి నాలుగు అరిసెలు తిన్నాను. కోటకి బంగారు కలశం ఎత్తించాడని రాశారు. పళ్లెం నిండా సున్నుండలు తెప్పించుకున్నాను. మర్నాడంతా తూగు. తూగు ఆపుకోవడానికి మళ్లీ ఏదో ఒకటి నమిలేవాణ్ణి. మీరు రోజూ చేసేదాంట్లో ఒక్కటీ తగ్గించలేదు. కావాలంటే వంటవాణ్ణి అడగండి."

వంటవాడు తల దించుకున్నాడు. ఆ అరిసెల్ని, సున్నుండల్ని ఇన్నేళ్లూ ఎవరూ తిండి కింద లెక్క వేయలేదు. రాజు అసలే వేయలేదు.

"అయితే నువ్వు దాచుకున్నది..."

"నిద్ర ప్రభూ. పక్కవాడి గొడవ పట్టకుండా పడుకునే నిద్ర."

రాజుకి కోపం రావలసిందే. కానీ ఆయన మనసు ఇంకెక్కడో ఉంది. గొంతు తగ్గించి అడిగాడు. "నిన్నటి ఉత్తరంలో ఏం రాశారు?"

కొమ్మన రొంటిన దోపుకున్న తాటాకు తీశాడు.

"కుందనగిరి రాజు నాజూకుగా తయారయ్యాడని కనకపురి రాజుకి తెలిసిందట. ఆనాటి నుంచి ఆయనకి నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి లడ్లు తెప్పించుకుంటున్నాడట."

ఉద్దండభూపతి మొదట చిన్నగా నవ్వాడు. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. కొలువంతా నవ్వింది. అక్కడికక్కడే కొమ్మనకి పది పుట్ల మాగాణి రాసిచ్చాడు.

"ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఇంటికెళ్లి పడుకుంటాను, సెలవిప్పించండి."

"ఎన్నాళ్లు?"

"మా అమ్మ లేపేదాకా."

అచ్చమ్మ కొడుకుని రెండు రోజుల దాకా లేపలేదు.