జిత్తయ్య నక్క ఫోటో దుకాణం

కొల్లేటికి కాస్త దూరంలో, జమ్ముగడ్డి ఒత్తుగా పెరిగిన ఒక మడుగు ఉంది. ఒడ్డున పీతల బొరియలు, మధ్యలో మోకాలిలోతు బురద, ఆ బురదలో ఈరమ్మ అనే గేదె. గట్టు మీద తాటిచెట్ల కింద జిత్తయ్య అనే నక్క కాపురం ఉండేవాడు. ఆ మడుగు పీతలంత రుచి లోకంలో మరొకటి లేదని జిత్తయ్య అభిప్రాయం. అయితే పీతను పట్టాలంటే బొరియ దగ్గర ముక్కు పెట్టి, ఊపిరి బిగబట్టి, చెవి కూడా ఆడించకుండా కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే దోమలు వచ్చి ఆ ముక్కు మీద వాలేవి. నక్కకు ఒళ్ళంతా బొచ్చే గాని ముక్కు మాత్రం బోడిది. జిత్తయ్య ముక్కు విదిలించేవాడు, పీత లోపలికి పోయేది. వానలు మొదలయ్యాక దోమలు పెరిగాయి, జిత్తయ్య డొక్కలు లోపలికి పోయాయి.

ఒకనాడు పొద్దున్నే పట్నం నుంచి ఒక ఫోటోగ్రాఫరు వచ్చాడు. మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, దానిమీద కెమెరా బిగించి, కొంగను ఫోటో తీద్దామని జమ్ములో కూర్చున్నాడు. "కదలకు నాన్నా, కదలకు" అని కొంగను గొణుగుతూ బతిమాలాడు. కొంగ కదల్లేదు. కదిలింది ఆయనే. మొదట మెడ మీద కొట్టుకున్నాడు, తరువాత చెంప మీద, ఆ పైన ఎక్కడ పడితే అక్కడ. చివరికి కెమెరా ఒక్కటీ ఊడబెరుక్కుని, స్టాండు ఉన్నచోటనే వదిలేసి కారు దగ్గరికి పరుగెత్తాడు.

చూసినవాళ్ళంతా నవ్వుకున్నారు. జిత్తయ్య నవ్వలేదు. ఫోటో కావాలంటే కదలకూడదు, కదలనివాడు దోమకు వడ్డించిన విస్తరి. ఈ రెండు ముక్కలూ కలిపి చూసుకున్నాడు. ఆ సాయంత్రమే దోమల పెద్ద సన్నాయమ్మను వెతుక్కుంటూ వెళ్ళాడు.

"అక్కా, నీ పిల్లలు పాపం రోజూ తోకదెబ్బలు తింటున్నారు. బురద కడుక్కుని వచ్చి, తోక ఆడించకుండా నిలబడే ఒళ్ళు నేను చూపిస్తాను."

"చూపిస్తే నీకేంటి?"

"నా ముక్కు జోలికి రాకూడదు. అంతే."

సన్నాయమ్మ గాలిలో ఒక చుట్టు తిరిగింది. "సరే. నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు మావాళ్ళెవరూ నీ ముక్కు మీద వాలరు."

"ఆ మాట చాలక్కా" అన్నాడు జిత్తయ్య, పొంగిపోతూ.

మర్నాడు స్టాండు మీద ముంజలు తీసేసిన తాటికాయ ఒకటి కెమెరాలా వెలిసింది. ఊరికే ఫోటోలు తీస్తానని జిత్తయ్య మడుగంతా చాటాడు. మొదట వచ్చినవాడు లచ్చన్న గాడిద.

"ఏం జిత్తయ్యా, ఇంత తాటికాయలో నేను పడతానా?"

"ఏనుగైనా పడుతుంది. మనిషి కెమెరాకు ఒక్క కన్ను, దీనికి మూడు. ముందు ఒళ్ళు కడుక్కుని రా. ఇంకో మాట. మధ్యలో కదిలావో, ఫోటోలో తల ఒకచోట, మొండెం ఒకచోట పడతాయి. తరువాత ఒంట్లోనూ అలాగే అవుతుంది."

లచ్చన్న కడుక్కుని వచ్చి రాయిలా నిలబడ్డాడు. దోమలు బంతిభోజనానికి కూర్చున్నాయి. తరువాత బూరయ్య పంది వంతు.

"కడుక్కోవాలా? మా వంశంలో ఆ అలవాటు లేదే" అన్నాడు బూరయ్య.

"అందుకే మీ వంశంలో ఒక్కడికీ ఫోటో లేదు."

బూరయ్య వెంటనే వెళ్ళి కడుక్కున్నాడు. కొంగ కూడా వచ్చి ఒంటికాలి మీద సొగసుగా నిలబడింది గాని, "ఈకల మూటను పిలుస్తావేంటి, అందులో మాకేముంది?" అని సన్నాయమ్మ జిత్తయ్య చెవిలో చీవాట్లు పెట్టింది.

ఫోటో ఏదని అడిగినవాళ్ళను జిత్తయ్య మడుగు చివరన నీళ్ళు తేటగా ఉన్నచోటికి తీసుకెళ్ళేవాడు. "కడిగి పెట్టాను, చూసుకో" అనేవాడు. వాళ్ళు తొంగిచూసి, తమ ముఖం తామే చూసుకుని, గోక్కుంటూ, మురిసిపోతూ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. జిత్తయ్య బొరియ దగ్గర ముక్కు పెట్టి హాయిగా పీతలు తినేవాడు.

మిగిలింది ఈరమ్మ. మడుగు దోమలన్నింటికీ ఆమె వీపు మీదే కన్ను.

"ఊరికే తీస్తున్నావటగా?" అంది ఈరమ్మ బురదలోంచి లేవకుండా. "ఊరికే పెట్టేవాడి చెయ్యి ఒకసారి తిప్పి చూడాలంటారు."

"నీ ముఖం నువ్వు ఎప్పుడైనా చూసుకున్నావా వదినా? నువ్వు దిగగానే నీళ్ళు బురదైపోతాయి."

ఆ మాట ఈరమ్మకు తగిలింది. నిజమే, ఇంత వయసు వచ్చినా తన ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. లేచి, పక్క కాలువలో కడుక్కుని వచ్చి నిలబడింది. నల్లటి వీపు నిగనిగలాడింది. జమ్ములోంచి మబ్బు లేచినట్టు దోమలు లేచాయి. ఈరమ్మ తోక బిగబట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "ఇంకా కాలేదా మరిదీ?" అంటే "మూడో కన్ను ఇంకా తెరుచుకోలేదు వదినా" అన్నాడు జిత్తయ్య, పీత కాలు నములుతూ.

చివరికి తేటనీళ్ళలో ముఖం చూసుకుంది. బాగానే ఉంది. అయితే ఆమె కన్ను ఆర్పితే ఫోటో కూడా ఆర్పింది.

"ఇదేంటి, ఇదీ ఆర్పుతోంది?"

"మంచి ఫోటో అంటే అదే. జీవం ఉట్టిపడాలి."

ఈరమ్మ మళ్ళీ బురదలోకి వెళ్ళి పడుకుంది. గేదె మేతనే కాదు, మాటను కూడా రెండుసార్లు నములుతుంది. మొదటిసారి మింగేసిన మాటను ఆమె తీరిగ్గా నోట్లోకి తెచ్చుకుని నమలసాగింది. జిత్తయ్య దుకాణం జోరుగా సాగింది, వానలు ముదిరాయి, ఈరమ్మ ఇంకా నములుతూనే ఉంది. ఒక పొద్దున లేచి తిన్నగా తేటనీళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఫోటో తీయించుకోని కుందేలు ఒకటి అక్కడ నీళ్ళు తాగుతోంది. దాని ఫోటో కూడా నీళ్ళలో ఉంది. ఈరమ్మ తల తిప్పి చూసింది. అవతల ఒడ్డున జిత్తయ్య బొరియ దగ్గర కూర్చున్నాడు. ముక్కు మీద ఒక్క దోమ లేదు.

సంగతి విన్న లచ్చన్న, "ఇప్పుడే వెళ్ళి తన్నేస్తాను" అని లేచాడు.

"తంతే ఒక్క పూట నొప్పి. కూర్చో" అంది ఈరమ్మ. "ఇవాళ్టి నుంచి ఎవరూ ఫోటోకు వెళ్ళొద్దు. అందరూ ఒళ్ళంతా బురద పూసుకోండి. ఆకలి ఎటు నడిపిస్తే దోమ అటు పోతుంది."

దుకాణం ఖాళీగా ఉందేమిటా అని జిత్తయ్య అనుకునేలోపే, ఆ సాయంత్రం అందరూ కలిసి వచ్చారు.

"గ్రూపు ఫోటో కావాలి మరిదీ" అంది ఈరమ్మ. "మధ్యలో నువ్వుండాలి. మడుగుకు ఇంత పేరు తెచ్చినవాడివి."

"మరి తీసేదెవరు?"

"నేను తీస్తాను. నాకు ఫోటో ఒకటి ఉందిగా."

"ఈ బురదేంటి వదినా?"

"రోజూ ఎలా ఉంటామో అలాగే పడితే జీవం ఉట్టిపడుతుందట. నువ్వే అన్నావు."

తన ముక్కుకు సన్నాయమ్మ మాట ఉంది. వాళ్ళ బురద వాళ్ళ ఇష్టం. జిత్తయ్య మీసాలు సవరించుకుని మధ్యలో కూర్చున్నాడు. పక్కన లచ్చన్న వెనక్కి తిరిగి, వెనక కాళ్ళు అతని వైపు పెట్టి నిలబడ్డాడు.

"అదేం నిలబడడం?" అన్నాడు జిత్తయ్య.

"నా వీపు బాగుంటుందని మావాళ్ళు అంటారు. ఒక్క సంగతి బావా. నువ్వు కదిలి, తల మొండెం వేరు కాకపోతే మాత్రం నువ్వు అబద్ధం ఆడినట్టు. అప్పుడు ఈ కాళ్ళు ఊరుకోవు."

"కదలకండి" అంది ఈరమ్మ తాటికాయ వెనకనుంచి.

దోమలు లేచాయి. లచ్చన్న మీద వాలి చూశాయి, బురద. బూరయ్య మీద వాలి చూశాయి, ఇంకా బురద. చివరికి జిత్తయ్య ముక్కు మీద ఒకటి వాలింది.

"ఎవరమ్మా నువ్వు? తెలియదా నేనెవరో?" అన్నాడు జిత్తయ్య పెదవి కదపకుండా. "మీ పెద్ద సన్నాయమ్మ నాకు మాట ఇచ్చింది."

"సన్నాయమ్మా? మా అమ్మమ్మ పేరు. ఎప్పుడో పోయింది."

"మరి మాట?"

"ప్రాణం ఉన్నంతవరకని చెప్పిందటగా. ఇన్నాళ్ళూ కడుపు నిండి నీ వంక చూడలేదు గాని, మాకు నీతో ఏ మాటా లేదు. కాస్త ముక్కు ఇటు తిప్పు."

అది మిగతా మనవరాళ్ళను పిలిచింది. జిత్తయ్య ముక్కు నల్లగా మూసుకుపోయింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాడు. కదిలితే గాడిద కాళ్ళు, కదలకపోతే దోమలు.

"ఇంకా కాలేదా వదినా?"

"మూడో కన్ను తెరుచుకోలేదు మరిదీ. కొంచెం నవ్వు."

జిత్తయ్య నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే నక్క గాలిలోకి లేచి, రెండు పంజాలతో ముక్కు పట్టుకుని, గుడ్లు తేలేసి కింద పడ్డాడు.

లచ్చన్న మెడ తిప్పి తీరిగ్గా చూశాడు. "తల మొండెం మీదే ఉందే."

ఆ తరువాత ఒక్క తన్ను. జిత్తయ్య జమ్ము మీదుగా వెళ్ళి గట్టు అవతల పడ్డాడు. లేచి చూసుకుంటే ముక్కు గుత్తివంకాయలా ఉబ్బింది. దానికి పీత వాసన తెలియదు సరికదా, తన వాసన తనకే తెలియలేదు. ఆ సాయంత్రమే మెట్ట ప్రాంతానికి మకాం మార్చాడు. అక్కడ దోమలు లేవు, పీతలూ లేవు.

నీతి: పక్కవాడి ఒళ్ళు కుదువ పెట్టి బేరం చేసినవాడు, చివరికి సొంత ముక్కు ఇచ్చి విడిపించుకోవాలి.