ఆచారిగారు బయటికి చాపిన చెయ్యి

"కొయ్యచిలకా కూయవే, కోట తలుపు తీయవే..." ఆపైన చరణం ఎంత తలుచుకున్నా రావడం లేదు. ఆ పాట వెనక కథ మాత్రం గుర్తుండిపోయింది.

ఒక రాజుగారి కోటల్లో జాముకోసారి కూసే కొయ్యచిలకలు ఉండేవి. ఆస్థాన శిల్పి భద్రాచారి చెప్పినట్టే పనివాడు సింగన్న బిగించినా సరిహద్దు కోటలో చిలక కూయలేదు. "మా ఇంట్లో చేస్తే కూస్తోందిగా. లోపం పనివాడిదే," అన్నాడాయన. సింగన్నకి చెరసాల ఖాయమైంది.

సింగన్న భార్య సూరీడమ్మ సభకి పెద్ద చెక్కపెట్టె తెచ్చింది.

"అయ్యా, చిలకకి కావలసినవన్నీ తమరే ఇందులో పెట్టుకుని, లోపలే కూర్చుని చెయ్యండి. ఇందులో కూసిందంటే ఎక్కడైనా కూస్తుంది. అప్పుడు తప్పు మా ఆయనదే."

కొయ్యా, కీలూ, ఉలీ సర్దుకుని ఆచారి దర్జాగా లోపల కూర్చున్నాడు. చిలకని బిగించాడు. అలవాటు కొద్దీ పెట్టెలోంచి చెయ్యి బయటికి చాపి, "ఏమేవ్, కీలుకి ఆముదం ఇలా అందియ్యి," అన్నాడు.

సభంతా నవ్వింది.

"ఆముదం మాట మా ఆయనకి చెప్పనే లేదే! మీ ఇంట్లో అమ్మగారు అందిస్తారు. సరిహద్దులో ఎవరందిస్తారయ్యా?" అంది సూరీడమ్మ.

రాజుగారు సింగన్నని వదిలేశారు. ఇకమీదట ఆముదంతో సహా అన్నీ పెట్టెలో సర్ది కోటలకి పంపమన్నారు.

ఆచారి వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"మా ఆవిడకి మాత్రం చెప్పకమ్మా. చిలక తనదే అంటుంది."